బిల్లీ వైల్డర్ మనుషుల్ని అసహ్యించుకున్నాడా? ‘కిస్ మీ, స్టుపిడ్’ మీద విమర్శకుల తీర్పు

1964లో క్రిస్మస్‌కి కొద్ది రోజుల ముందు ‘కిస్ మీ, స్టుపిడ్’ అమెరికా థియేటర్లలోకి వచ్చింది. ఒక భార్యాభర్తల జంట చుట్టూ తిరిగే ఈ హాస్య చిత్రాన్ని చూసి అక్కడి విమర్శకులు చాలామంది నవ్వకపోగా మండిపడ్డారు. సినిమా బాగోలేదని చెప్పి ఊరుకోలేదు. తీసినవాడికి మనుషులంటేనే రోత అన్నట్టు, అభిరుచి అనేదే పోయిందన్నట్టు రాశారు. ఆ తీసినవాడు బిల్లీ వైల్డర్. అప్పటికి ఆయనకు 58 ఏళ్లు. ‘డబుల్ ఇండెమ్నిటీ’, ‘సన్‌సెట్ బులవార్డ్’, ‘సమ్ లైక్ ఇట్ హాట్’ తీసిన చెయ్యి. 1960లో వచ్చిన ‘ది అపార్ట్‌మెంట్’కి నిర్మాతగా, దర్శకుడిగా, రచయితగా ఒకేసారి మూడు ఆస్కార్లు అందుకున్నాడు. 1963లో వచ్చిన ‘ఇర్మా లా డూస్’ ఆయనకు అతిపెద్ద హిట్. అంత ఎత్తులో ఉన్న దర్శకుడికి ఒక్క సినిమాతో అంత తిట్లు ఎందుకు పడ్డాయి? ఆ తిట్లలో ఎంత నిజం ఉంది?

సగం నిజం ఉంది. ఈ సినిమాలో కనిపించే ఊరి మీద, అందులోని మగవాళ్ల మీద వైల్డర్‌కి ఏమాత్రం గౌరవం లేదు. కానీ తన ప్రేమనంతా ఎవరి దగ్గర దాచాడో అప్పటి విమర్శకులు చూడలేదు. చూడకపోవడానికి వాళ్ల అలవాట్లు కొంత కారణం, చర్చి ఒత్తిడి కొంత కారణం. సినిమాలో నిజంగానే ఉన్న లోపాలు మరికొంత.

కథ సులువుగానే చెప్పవచ్చు. నెవాడా ఎడారిలో క్లైమాక్స్ అనే చిన్న ఊరు. ఆ పేరులోని ద్వంద్వార్థం కావాలని పెట్టిందే. అక్కడ ఆర్విల్ స్పూనర్ అనే పియానో మాస్టారు, పెట్రోల్ బంకు నడిపే బార్నీ కలిసి పాటలు కడుతుంటారు. వాటిని కొనేవాడు లేడు. లాస్ వేగస్‌లో షోలు ముగించుకుని లాస్ ఏంజెలెస్ వెళుతున్న పెద్ద గాయకుడు డీనో దారి మళ్లి ఆ ఊరికి వస్తాడు. బార్నీ అతని కారు పాడుచేసి, ఆ రాత్రి ఆర్విల్ ఇంట్లోనే ఉండిపోయేలా చేస్తాడు. పాటలు అమ్ముకోవాలంటే అతిథిని సంతోషపెట్టాలి. డీనోకి రోజూ రాత్రి ఒక ఆడది కావాలి, లేకపోతే పొద్దున్నే తలనొప్పి. ఆర్విల్‌కేమో భార్య జెల్డా మీద ఒళ్లంతా అనుమానమే. పాలవాడి మీదా అనుమానం, పళ్ల డాక్టరు మీదా అనుమానం, తన దగ్గర పియానో నేర్చుకునే కుర్రాడి మీద కూడా. అందుకని కావాలని గొడవ పెట్టుకుని, అది తమ పెళ్లిరోజని కూడా చూడకుండా భార్యను పుట్టింటికి పంపేస్తాడు. ఊరి చివర ‘బెల్లీ బటన్’ అనే బార్లో పనిచేసే పాలీని డబ్బిచ్చి తెచ్చి, ఆ రాత్రికి తన భార్యగా చూపిస్తాడు.

ఇటాలియన్ రచయిత్రి అన్నా బొనాచ్చి నాటకం దీనికి మూలం. అదే నాటకాన్ని 1952లో మారియో కమెరీని ఇటలీలో సినిమాగా తీశాడు, అందులో జీనా లొల్లొబ్రిజిడా నటించింది. అంటే కథావస్తువు ఐరోపాకి కొత్త కాదు. వైల్డర్, ఆయన సహరచయిత ఐ.ఎ.ఎల్. డైమండ్ చేసిందల్లా దాన్ని తెచ్చి అమెరికా నడిమధ్యన, పెట్రోల్ బంకుకీ చర్చికీ మధ్య కూర్చోబెట్టడం. గొడవంతా అక్కడే మొదలైంది. దూరదేశంలో, పాత కాలపు దుస్తుల్లో జరిగితే చిలిపితనంగా చెల్లిపోయే కథ, పక్కింట్లో జరిగేసరికి బూతుగా కనిపించింది. ‘ఇర్మా లా డూస్’లో నాయిక కూడా వేశ్యే. అయితే ఆమె ఉన్నది పారిస్‌లో, పైగా రంగుల్లో. పాలీ ఉన్నది నెవాడాలో, బ్లాక్ అండ్ వైట్‌లో, జలుబుతో.

అప్పట్లో హాలీవుడ్ సినిమాకి రెండు గడపలు ఉండేవి. ఒకటి తెర మీద ఏం చూపించవచ్చో చెబుతూ పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న నియమావళి, ప్రొడక్షన్ కోడ్. రెండోది కేథలిక్ చర్చికి చెందిన లీజియన్ ఆఫ్ డీసెన్సీ. కోడ్ కార్యాలయాన్ని నడిపే జెఫ్రీ షర్లాక్ ఈ సినిమాకి ఆమోద ముద్ర వేశాడు. లీజియన్ మాత్రం ‘సి’ వర్గంలో వేసింది, అంటే భక్తులు చూడరాదని ఖండించిన సినిమా. 1956లో ఎలియా కజాన్ తీసిన ‘బేబీ డాల్’ తర్వాత పెద్ద స్టూడియో తీసిన అమెరికన్ సినిమాకి ఆ ముద్ర పడడం మళ్లీ ఇదే. దాంతో యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ తన పేరు పక్కన పెట్టి, విదేశీ చిత్రాలు విడుదల చేసే అనుబంధ సంస్థ లోపర్ట్ పేరుతో సినిమాని బయటికి పంపింది. అమ్మేవాడే తన సరుకు మీద పేరు వేసుకోవడానికి జంకితే, చూసేవాడు మంచి మనసుతో వెళ్లడం కష్టం. పత్రికల్లో రాసినవాళ్లు సినిమా మొదలవకముందే ఒక కేసు తీర్పు చదవబోతున్నట్టు కూర్చున్నారని వాళ్ల రాతల స్వరమే చెబుతుంది.

లైఫ్, టైమ్ వంటి పెద్ద పత్రికలు చీల్చి చెండాడాయి. వాటి అభ్యంతరాల సారం దాదాపు ఒకటే: ఇది సాగదీసిన బూతు జోకు, ఇందులో ఇష్టపడదగిన మనిషి ఒక్కడూ లేడు, దీన్ని తీసినవాడికి తన పాత్రల మీద దయ లేదు. ఈ మూడు మాటలు వేరువేరు విషయాలు, కానీ అన్నిటినీ కలిపి ఒకే నేరంగా చదివారు. జోకులు మోటుగా ఉన్నాయన్నది నిజమే. బార్నీ నోట వచ్చే శ్లేషలు చాలాచోట్ల విసుగే పుట్టిస్తాయి. ఇష్టపడదగిన మగవాడు లేడన్నదీ నిజమే. దయ లేదన్న మూడో మాట మాత్రం మొదటి రెండిటి నుంచి దానంతట అది పుట్టుకురాదు. దానికి వేరే రుజువు కావాలి. ఆ రుజువు ఎవరూ చూపలేదు.

అప్పటి అలవాటు కూడా అడ్డొచ్చింది. ‘పిల్లో టాక్’ వచ్చిన 1959 నుంచి నటి డోరిస్ డే తరహా హాస్యం రాజ్యమేలుతోంది. ఆ సినిమాల్లో పడకగది చుట్టూ గంటన్నర మాటలు నడుస్తాయి, తీరా తలుపు మాత్రం తెరుచుకోదు. అందరూ దాని గురించే ఆలోచిస్తారు, ఎవరూ చేయరు, చివరికి పెళ్లి. వైల్డర్ ఆ ఒప్పందాన్ని తెంచేశాడు. ఇక్కడ తలుపు తెరుచుకుంటుంది, అదీ పెళ్లయినవాళ్లకి. పొద్దున ఎవరి మీదా పిడుగు పడదు. పైగా జరిగిన తప్పుల వల్ల అందరూ కాస్త బాగుపడతారు. ప్రేక్షకుడిని శిక్ష అనే ఓదార్పు లేకుండా ఇంటికి పంపడం అప్పటి హాలీవుడ్‌లో పెద్ద నేరమే.

డీనోగా నటించిన గాయకుడు డీన్ మార్టిన్ మరో ఇబ్బంది. డీనో పాత్ర అంటే అచ్చంగా డీన్ మార్టినే. సినిమా మొదలయ్యేది లాస్ వేగస్‌లోని శాండ్స్ హోటల్ వేదిక మీద, ఆయన అసలు జీవితంలో పాడే చోట. తాగుబోతు జోకులు, అరువు నవ్వు, అమ్మాయిల్ని వస్తువుల్లా చూసే కన్ను, అన్నీ తన పేరుతోనే, తన ముఖంతోనే. పెద్ద స్టార్ తన వెలుగును తానే ఇంత నిర్దయగా చూపించుకోవడం ప్రేక్షకులకు అప్పటికి తెలియదు. తనని తాను దిగజార్చుకున్నాడనుకున్నారు. నిజానికి ఆ సినిమాలో అందరికంటే ధైర్యంగా నటించిన మగవాడు ఆయనే. మార్టిన్ ఎక్కడా డీనోని క్షమించమని కన్ను గీటడు. అందువల్లే ఆ పాత్ర ఇవాళ్టికీ చల్లారలేదు.

ఆ దాడి మధ్యలో ఒక గొంతు వేరుగా వినిపించింది. వోగ్ పత్రికలో సినిమా సమీక్షలు రాస్తున్న జోన్ డిడియన్, అప్పటికి ముప్ఫై ఏళ్లు, వైల్డర్‌ని హాస్యగాడిగా చూడడమే పొరపాటని రాసింది. ఆయన నీతి పట్టింపు ఉన్న మనిషని, మనుషులు డబ్బుకి అమ్ముడుపోయే తీరును నమోదు చేస్తున్నాడని ఆమె వాదన. తాగిన మత్తు దిగుతున్న తెల్లవారుజామున, పాచిపోయిన పొగ మధ్య, ఐస్ కరిగిపోయిన గ్లాసుల మధ్య కనిపించే లోకం ఆయనదని, నిస్పృహకి అసలైన దేశం అదేనని చెప్పింది. సినిమా మధ్యలో జనం లేచి వెళ్లిపోతున్నారని కూడా గమనించింది. వైల్డర్ ఆమెకి కృతజ్ఞతలు చెబుతూ చిన్న ఉత్తరం రాశాడు.

డిడియన్ గొప్పగా చదివింది, కానీ నిస్పృహ దగ్గరే ఆగిపోయింది. ఈ సినిమాలో నిస్పృహని దాటి ఇంకో అడుగు ఉంది. అది కిమ్ నోవాక్ పోషించిన పాలీ.

పాలీకి ఒక ట్రెయిలర్ బండి ఉంది, దాన్ని లాగే కారు లేదు. ఇల్లుంది గాని కదలదు. నమ్మించి తెచ్చినవాడు వదిలేసి పోయాక ఆ ఊళ్లో ఇరుక్కుపోయింది. బార్లో బొడ్డులో రాయి పెట్టుకుని గ్లాసులు అందిస్తుంది, అడిగినవాడితో డబ్బుకి వెళుతుంది. ఆమెని ఆర్విల్ ఇంటికి తెచ్చి ఒక రాత్రికి శ్రీమతి స్పూనర్‌ని చేస్తారు. అక్కడినుంచి సినిమా స్వభావమే మారుతుంది. వంటింట్లో నిలబడడం, భర్త అనే మనిషి పియానో వాయిస్తుంటే వినడం, అతిథి ముందు ఇల్లాలిగా కూర్చోవడం, ఇవన్నీ ఆమెకి నటనగా మొదలై నిజమవుతాయి. నోవాక్ ఇక్కడ ముఖంలో పెద్దగా ఏమీ చేయదు. జలుబు గొంతుతో మాటలు కాస్త ఆలస్యంగా పలుకుతుంది, అంతే. దొరకదని తెలిసిన దాన్ని ఒక్క పూట చేతిలోకి తీసుకున్న మనిషి జాగ్రత్త అది. దాన్ని చూసి ఆర్విల్ కూడా మారతాడు. అద్దెకి తెచ్చిన భార్య మీద డీనో చెయ్యి వేస్తుంటే భరించలేక, తన పాటల భవిష్యత్తునే ఇంట్లోంచి బయటికి గెంటేస్తాడు. డబ్బు కోసం పన్నిన పథకాన్ని మర్యాద కోసం చెడగొట్టుకుంటాడు. మనుషులంటే రోత ఉన్న దర్శకుడు ఈ దృశ్యం రాయడు.

మధురవాణిని ఎరిగిన తెలుగు పాఠకులకు పాలీ కొత్త మనిషిలా అనిపించదు. చుట్టూ పెద్దమనుషులంతా బేరాలాడుతుంటే, బేరమే వృత్తిగా ఉన్న ఆడమనిషి దగ్గర పరువు మిగలడం మన సాహిత్యం ఎప్పుడో చూసింది. అలాంటి రచనని చదివేటప్పుడు చుట్టూ ఉన్న కుళ్లును లెక్కపెట్టి రచయితకి మనుషులంటే ద్వేషమని తేల్చం.

ఆ రాత్రి రెండో సగం మీదే చర్చి కత్తి పడింది. జెల్డా తిరిగొచ్చి, జరుగుతున్నది చూసి, బాధతో బెల్లీ బటన్‌కి వెళ్లి తాగుతుంది. నిద్రపోమని ఆమెని పాలీ ట్రెయిలర్‌లో పడుకోబెడతారు. ఇంట్లోంచి గెంటివేతకు గురైన డీనో కూడా అదే బార్‌కి వచ్చి, పాలీ కోసం ట్రెయిలర్‌కి వెళతాడు. జెల్డా ఒకప్పుడు అతని అభిమాన సంఘానికి అధ్యక్షురాలు. మొదట తీసిన రూపంలో వాళ్లిద్దరూ ఆ రాత్రి కలుస్తారని స్పష్టంగానే తెలుస్తుంది, ఐరోపాలో అదే ఆడింది. లీజియన్ ఒత్తిడితో వైల్డర్ అమెరికా ప్రింటు కోసం ఆ దృశ్యాన్ని మళ్లీ తీశాడు. అందులో డీనోకి నడుం పట్టేస్తుంది, జెల్డా మర్దన చేస్తుంటే నిద్రపోతాడు. అంత చేసినా లీజియన్ తన ముద్ర వెనక్కి తీసుకోలేదు.

ఈ మార్పు ఏం చేసిందో అప్పుడు పెద్దగా ఎవరూ ఆలోచించలేదు, కానీ సినిమా అర్థమంతా అక్కడ ఉంది. మొదటి రూపంలో భర్త పాలీతో ఒక చోట, భార్య డీనోతో మరో చోట గీత దాటతారు. పొద్దున్నే జెల్డాకి రెండు వైపులా తెలుసు. తానూ అదే రాత్రి గడిపి వచ్చిన మనిషిగా భర్తని క్షమిస్తుంది. డీనో వదిలి వెళ్లిన 500 డాలర్లను పాలీకి ఇచ్చేస్తుంది. ఆ డబ్బుతో పాలీ కారు కొనుక్కుని, తన ట్రెయిలర్ తగిలించుకుని ఆ ఊరి నుంచి బయటపడుతుంది. పాలవాడి దగ్గర్నుంచి ప్రతి మగవాడినీ అనుమానించిన ఆర్విల్‌కి, అనుమానించదగిన ఒకే ఒక్క రాత్రి గురించి ఏమీ తెలియదు. తన పాటని డీనో టీవీలో పాడుతుంటే ఎలా జరిగిందో అర్థంకాక నోరు తెరుచుకుని నిలబడతాడు. అప్పుడు భార్య అనే మాటే సినిమా పేరు. ఆ మాటలో క్షమ ఉంది, రహస్యం ఉంది, కొంచెం పైచెయ్యి కూడా ఉంది.

చర్చి సరిచేసిన రూపంలో ఇదంతా ఒరిగిపోతుంది. గీత దాటింది భర్త ఒక్కడే. భార్య పతివ్రతగా మిగిలి, మొగుడి తప్పుని కడుపులో పెట్టుకునే పాత ఇల్లాలైపోతుంది. మగవాడికి ఒక లెక్క, ఆడదానికి ఒక లెక్క. నీతి పేరుతో చేసిన మార్పు సినిమాని ఇంకా అన్యాయంగా మార్చింది. అమెరికన్ విమర్శకులు తిట్టింది ఈ కుంటి రూపాన్ని. అందుకే వాళ్లలో కొందరికి ముగింపు చల్లగా, మోసంగా అనిపించి ఉంటే తప్పుపట్టలేం.

వాళ్లని పూర్తిగా కొట్టిపారేయడం కూడా కుదరదు, ఎందుకంటే ఆర్విల్ పాత్ర దగ్గర సినిమా నిజంగానే తడబడుతుంది. ఆ పాత్ర మొదట నటుడు పీటర్ సెల్లర్స్‌ది. 1964 ఏప్రిల్‌లో, కొన్ని వారాల షూటింగ్ అయ్యాక ఆయనకి గుండెపోటు వచ్చింది. అప్పటిదాకా తీసింది పక్కన పెట్టి రే వాల్‌స్టన్‌తో మళ్లీ మొదలుపెట్టారు. వాల్‌స్టన్ సమర్థుడే. అనుమానపు పిచ్చిని అరుపులతో, పరుగులతో బాగానే చూపిస్తాడు. కానీ పాలీ ఎదుట మెత్తబడాల్సిన చోట అతని ముఖంలో ఆ మెత్తదనం ఆలస్యంగా వస్తుంది. నోవాక్ ఒక్కర్తే ఇద్దరి బరువూ మోస్తుంది. ఇక బార్నీ విషయంలో సర్దిచెప్పడానికి ఏమీ లేదు. రెండు గంటలు దాటిన నిడివిలో అతని జోకులు సగం తీసేసినా నష్టం ఉండేది కాదు.

పాటల సంగతి మాత్రం అప్పుడూ ఇప్పుడూ తక్కువ మందే పట్టించుకున్నారు. ఈ ఇద్దరు పల్లెటూరి అమాయకులు కట్టినట్టు చూపించిన పాటలు నిజానికి జార్జ్ గెర్ష్విన్ స్వరాలు. ఆయన 1937లో పోయాడు. బయటికి రాని ఆయన ట్యూన్లకి అన్న ఐరా గెర్ష్విన్ ఈ సినిమా కోసం కొత్తగా మాటలు రాశాడు. ఎవరూ కొనని పాటలు కట్టే మూర్ఖుడి వేళ్ల కిందికి దేశంలోనే గొప్ప సంగీతకారుడి స్వరాలు పంపడం, తన పాత్రల్ని తృణీకరించేవాడు చేసే పని కాదు.

మనుషులంటే రోత అన్న ముద్ర వైల్డర్ మీద 1964లో పుట్టింది కాదు. గుహలో చిక్కుకున్న మనిషిని వార్త కోసం అక్కడే ఉంచిన విలేకరి కథగా 1951లో ‘ఏస్ ఇన్ ద హోల్’ తీసినప్పుడే, అమెరికాని మురికిగా చూపిస్తున్నాడన్న కోపం వచ్చింది. ఆయన యువకుడిగా వియన్నాలో, బెర్లిన్‌లో విలేకరి. 1933లో హిట్లర్ అధికారానికి రాగానే జర్మనీ వదిలాడు. తల్లిని నాజీల మారణకాండలో పోగొట్టుకున్నాడు. అలాంటి మనిషి మంచి ఊళ్లు, మంచి ఇరుగుపొరుగు అనే మాటల్ని తేలిగ్గా నమ్మకపోవడంలో వింతేముంది? అయినా 1968లో విమర్శకుడు ఆండ్రూ శారిస్ తన ప్రసిద్ధ దర్శకుల జాబితాలో వైల్డర్‌ని పైకి కనిపించినంత సరుకు లోపల లేనివాళ్ల గుంపులో వేశాడు. తన అపనమ్మకాన్ని కూడా తాను నమ్మలేనంత అపనమ్మకం ఆయనదని వెక్కిరించాడు. ఆ మాట చాలా ఏళ్లు వైల్డర్ పేరు వెంట తిరిగింది. 1991లో శారిస్ తానే ఆ తీర్పు తిరగరాశాడు. వైల్డర్ స్థానం అత్యున్నత దర్శకుల సరసన అని ‘ఫిల్మ్ కామెంట్’ పత్రికలో వ్యాసం రాశాడు. అమెరికన్ సినిమా విమర్శలో ఇంత బాహాటంగా మాట మార్చుకోవడం అరుదు, మెచ్చుకోదగ్గది.

కాలం కూడా త్వరగానే మారింది. 1966లో కోడ్ సడలింది, 1968 నవంబర్‌లో దాని స్థానంలో రేటింగుల పద్ధతి వచ్చింది. లీజియన్ 1965లోనే పేరు మార్చుకుంది. ‘కిస్ మీ, స్టుపిడ్’ ఇంకో నాలుగేళ్లు ఆగి వచ్చి ఉంటే ఎవరికీ ఖండించాల్సినంత పెద్ద విషయంగా తోచేది కాదేమో. 2002లో వైల్డర్ చనిపోయాడు. ఆ తర్వాత ఐరోపా రూపంలోని ట్రెయిలర్ దృశ్యం అమెరికాలో కూడా ప్రేక్షకులకు అందుబాటులోకి వచ్చింది, జోనథన్ రోజెన్‌బామ్ వంటి విమర్శకులు దీన్ని ఆయన మంచి సినిమాల్లో ఒకటిగా నిలబెట్టారు.

కొత్త మెప్పులో కూడా ఒక తొందర ఉంది. ఒకప్పుడు బూతన్న ప్రతిదాన్నీ ఇప్పుడు ధైర్యమంటున్నారు, బార్నీ శ్లేషలతో సహా. అంత అవసరం లేదు. మోటు జోకు 1964లో ఎంత మోటుదో ఇవాళా అంతే. ఈ సినిమా విలువ ఆ జోకుల్లో లేదు, వాటిని దాటుకుని పాలీ దగ్గరికి చేరడంలో ఉంది. పొగిడినా తిట్టినా మాటంతా వైల్డర్ మనస్తత్వం చుట్టూనే తిరిగింది గాని, ఆ నటి చేసిన పనిని నింపాదిగా చూసినవాళ్లు తక్కువ. నోవాక్ నటించిన హిచ్‌కాక్ సినిమా ‘వర్టిగో’ చుట్టూ ఎన్ని పుస్తకాలు వచ్చినా, అందులోలాగే ఇక్కడా మరో ఆడదానిగా నటించే పాత్రనే నోవాక్ ఎంత భిన్నంగా చేసిందో పోల్చి చూపే విమర్శ చాలా అరుదు. అక్కడ ఆమెని మార్చేది మగవాడి పిచ్చి. ఇక్కడ ఆ వేషాన్ని ఆమే ఇష్టపడుతుంది, పొద్దున్నే తనే విప్పేసి, కారు కొనుక్కుని పోతుంది.